గంటల తరబడి మారే వీడియో: కోడ్‌తో నిదానమైన ఇన్‌స్టలేషన్ కట్టడం ఎలా

ప్రదర్శన గదిలో గోడ మీదో తెర మీదో రోజంతా నడుస్తూ నిదానంగా మారే వీడియో ఇన్‌స్టలేషన్ మొదలుపెట్టి మధ్యలో చిక్కుకుపోయి సాయం అడిగేవాళ్లలో చాలామంది చేసిన పని ఒకటే. రెండు నిమిషాల స్కెచ్ (కదిలే బొమ్మ గీసే చిన్న ప్రోగ్రామ్) బాగా కుదిరింది, వేగాన్ని వందో వంతుకి తగ్గించారు. ఇక అక్కణ్నుంచి తంటాలు. మెల్లగా మారాల్సిన రంగు మెట్లు మెట్లుగా దూకుతుంది. రెండో రోజుకి కదలికలో కుదుపు వస్తుంది. కరెంటు పోయి వస్తే అంతా మళ్లీ మొదటికొస్తుంది.

ఉన్నదాన్ని నెమ్మది చేయడం వేరు, నెమ్మదిగా ఉండటానికే కట్టడం వేరు. సమయాన్ని ఎక్కణ్నుంచి తీసుకుంటున్నారన్న దగ్గరే తేడా అంతా ఉంది. అందుకే 3వ భాగం మిగతా వాటికంటే పొడుగ్గా ఉంటుంది. తొందరలో ఉన్నా దాన్ని మాత్రం దాటేయొద్దు.

ప్రాసెసింగ్, పీ5జేఎస్, ఓపెన్‌ఫ్రేమ్‌వర్క్స్, టచ్‌డిజైనర్, ఇలా కోడ్‌తో బొమ్మలు గీసే సాధనాల్లో దేనిలో చేసినా వరస ఇదే. చిన్న స్కెచ్ రాసి నడిపించడం వచ్చి, షేడర్ (గ్రాఫిక్స్ చిప్ మీద నడిచి ఒక్కో పిక్సెల్ రంగు తేల్చే చిన్న ప్రోగ్రామ్) అంటే ఏమిటో కాస్త తెలిస్తే చాలు. ఉదాహరణగా ఒకే బొమ్మను చివరిదాకా పట్టుకుందాం: గోడ మీద పడిన చెట్టు నీడ.

## 1. ముందు కాగితం మీద మూడు వేగాలు రాసుకోండి

బొమ్మలో ఒకే వేగం ఉంటే పని నడవదు. మరీ నెమ్మదైతే చూసేవాళ్లు ఫోటో అనుకుని వెళ్లిపోతారు, లేదా కంప్యూటర్ హ్యాంగ్ అయిందని ఎవరినో పిలుస్తారు. కనీసం మూడు పొరలు ఉండాలి.

- గంటల పొర: నీడ ఎడమ నుంచి కుడికి జరగడం, వెలుగు రంగు మారడం. 6 గంటలు.
- నిమిషాల పొర: ఆకుల గుబురు ఒకచోట చిక్కబడి, ఇంకోచోట పలచబడటం.
- సెకన్ల పొర: ఆకు కొసల సన్నటి వణుకు. ఇది చాలా తక్కువగా ఉండాలి. పని బతికే ఉందని చెప్పడానికి మాత్రమే.

కొలత ఇలా పెట్టుకోండి. అర నిమిషం నిలబడిన మనిషికి ఏదో కదులుతోందని తెలియాలి, ఏం మారిందో చెప్పలేకపోవాలి. గంట తర్వాత తిరిగొచ్చిన మనిషి "ఇందాక ఇలా లేదే" అనాలి. ఈ రెంటిలో ఏది తప్పినా కోడ్ జోలికి పోకండి, ముందు కాగితం మీది అంకెలు మార్చండి.

మొదలుపెట్టే ముందు జవాబులు ఉండాల్సిన ప్రశ్నలు:

□ ఒక పూర్తి చక్రం ఎన్ని గంటలు? గది రోజుకు ఎన్ని గంటలు తెరిచి ఉంటుంది?
□ చక్రం చివర మొదటికి అతుక్కోవాలా, లేక రోజూ ఉదయం కొత్తగా మొదలవ్వాలా?
□ మధ్యలో ఆగి మళ్లీ లేస్తే ఎక్కణ్నుంచి కొనసాగాలి?
□ గదిలోకి బయటి వెలుగు వస్తుందా?
□ ప్రదర్శన ఎన్ని రోజులు? వారమా, మూడు నెలలా?

## 2. తెరను, కంప్యూటర్‌ను ముందే ఖాయం చేయండి

ల్యాప్‌టాప్ తెర మీద సరిచేసుకున్న ముదురు రంగులు ప్రొజెక్టర్‌లో కనిపించవు. ప్రొజెక్టర్ నలుపును వేయలేదు, వెలుగును తగ్గించగలదు అంతే. గదిలో ఎంత వెలుగుంటే మీ "నలుపు" అంత బూడిద రంగు. కాబట్టి ఏ తెర మీద చూపిస్తారో తేలాకే రంగులు ఎంచుకోండి.

ఓఎల్‌ఈడీ టీవీ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ దాదాపు కదలని బొమ్మను రోజూ గంటల కొద్దీ చూపిస్తే తెర మీద దాని ముద్ర పడిపోయే ప్రమాదం ఉంది. ఈ పనికి ఎల్‌సీడీ ప్యానెల్ గానీ, లేజర్ ప్రొజెక్టర్ గానీ నయం. ల్యాంప్ ప్రొజెక్టర్ అయితే ల్యాంప్ గంటలు లెక్క చూసుకోండి. వారాల ప్రదర్శనలో వెలుగు తగ్గుతూ పోతుంది, మధ్యలో కొత్త ల్యాంప్ వేస్తే రంగులన్నీ ఒక్కసారిగా మారినట్టుంటాయి.

రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు వాడితే ఒక కిటుకు గుర్తుపెట్టుకోవాలి. వాటిలో చాలా మోడళ్లకు బ్యాటరీతో నడిచే గడియారం ఉండదు. ఇంటర్నెట్ లేని గదిలో కరెంటు పోయి వస్తే బోర్డుకు టైమెంతో తెలియదు. గడియారం మీద నడిచే పనికి ఇది ప్రాణసంకటం. డీఎస్3231 లాంటి చిన్న గడియారం మాడ్యూల్ తగిలిస్తే సరిపోతుంది.

## 3. సమయాన్ని గడియారం నుంచే తీసుకోండి

అందరూ మొదట చేసే తప్పు, ప్రతి ఫ్రేముకీ ఒక చిన్న అంకె కలుపుతూ పోవడం. స్థానం ప్రతిసారీ 0.0001 పెరుగుతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ కంప్యూటర్ వేడెక్కి సెకనుకు 60 ఫ్రేములు కాస్తా 48 అయితే 6 గంటల్లో ముగియాల్సిన మీ చక్రానికి ఏడున్నర గంటలు పడుతుంది. ప్రోగ్రామ్ ఆగిపోతే స్థానం మళ్లీ సున్నా.

దీనికి బదులు, ఏ క్షణాన ఏ బొమ్మ ఉండాలో గడియారాన్ని బట్టే తేలిపోవాలి. ముందటి ఫ్రేములో ఏముందో కోడ్‌కి తెలియాల్సిన పనే ఉండకూడదు. లెక్క రెండు వరుసలే:

గడిచిన సెకన్లు = ఇప్పటి సమయం − ప్రదర్శన మొదలైన సమయం

దశ = (గడిచిన సెకన్లను చక్రం నిడివితో భాగిస్తే మిగిలే శేషం) ÷ చక్రం నిడివి

6 గంటల చక్రం నిడివి 21,600 సెకన్లు. దశ ఎప్పుడూ 0కీ 1కీ మధ్య ఉంటుంది. మొదలైన 90 నిమిషాలకు దశ 0.25. నీడ స్థానం, వెలుగు రంగు, గంటల పొరలోనివన్నీ ఈ ఒక్క అంకె నుంచే రావాలి. మిగతా పొరలకూ ఇదే లెక్క, చక్రం నిడివి మాత్రమే వేరు. ఇలా చేస్తే మధ్యాహ్నం మూడింటికి కంప్యూటర్ ఆగి మూడుంబావుకి లేచినా, బొమ్మ మూడుంబావు దగ్గరే తెరుచుకుంటుంది. రెండు తెరలు పక్కపక్కన పెట్టినా, వాటి గడియారాలు కలిసి ఉన్నంత వరకు అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండానే కలిసి నడుస్తాయి. పరీక్షించడం కూడా సులువవుతుంది, అది 7వ భాగంలో.

ఇక అసలు గొయ్యి. నా మొదటి వారం రోజుల ప్రదర్శనలో రెండో రోజు దాకా అంతా బ్రహ్మాండం. మూడో రోజు పొద్దున ఆకుల వణుకు గతుకుల రోడ్డు మీద బండిలా అయిపోయింది. రీస్టార్ట్ చేస్తే మాయం. వేడి వల్లనుకుని పక్కన ఫ్యాన్ పెట్టించాను. ఇంకో రెండు రోజులకు మళ్లీ అదే. ఫ్యాన్‌కీ దానికీ ఏ సంబంధమూ లేదు. ప్రోగ్రామ్ మొదలైనప్పటి నుంచి గడిచిన సెకన్లను నేను నేరుగా షేడర్‌కి పంపుతున్నాను.

షేడర్ అంకెలు మామూలుగా 32 బిట్ల ఫ్లోట్లు, అంటే పరిమిత కచ్చితత్వం ఉన్న దశాంశ అంకెలు. అంకె పెద్దదయ్యే కొద్దీ దాని తర్వాత చెప్పగలిగిన అంకె దూరంగా జరుగుతుంది. గడిచిన సెకన్లు 1,31,072 దాటాక, అంటే సుమారు 36 గంటల తర్వాత, ఆ దూరం సెకనులో 64వ వంతు. మీ ఫ్రేము నిడివి 60వ వంతు. రెండూ దాదాపు సమానమైపోయాయి, అందుకే కుదుపు. కంప్యూటర్ 1970 నుంచి లెక్కపెట్టే సెకన్లను నేరుగా పంపితే ఇంకా ఘోరం: ఆ అంకె ఎంత పెద్దదంటే తర్వాతి అంకె 128 సెకన్ల దూరంలో ఉంటుంది. బొమ్మ రెండు నిమిషాలకోసారి ఒక్క ఉదుటున దూకుతుంది.

మందు ఇది:

- సమయం లెక్కంతా ప్రధాన కోడ్‌లో, డబుల్ రకం (64 బిట్ల) అంకెలతో చేయండి. జావాస్క్రిప్ట్‌లో అంకెలు ఎలాగూ అవే.
- షేడర్‌కి సమయం పంపకండి, దశ పంపండి.
- సెకన్ల పొరకు 10 నిమిషాల చక్రం పెట్టండి. ఆ 10 నిమిషాల్లో వణుకు పూర్తి సంఖ్యలో ఊపులు పూర్తి చేసేలా చూడండి, అప్పుడు అతుకు కనబడదు.
- చిన్న బోర్డులో, ఫోన్ చిప్‌లో షేడర్ పైన కచ్చితత్వం "హై" అని రాయండి. "మీడియం" 16 బిట్లకు పడిపోతే కుదుపు రావడానికి రెండు రోజులు అక్కర్లేదు, ఒక నిమిషం చాలు.

ప్రాసెసింగ్‌లో మిల్లిస్ (ప్రోగ్రామ్ మొదలయ్యాక గడిచిన మిల్లీసెకన్లు చెప్పే ఫంక్షన్) వాడేవాళ్లకు ఒక మాట: అది 32 బిట్ల పూర్ణాంకం, సుమారు 24.8 రోజులకు పొంగిపోతుంది. నెల రోజుల ప్రదర్శనలో చివరి వారం అనగానే నాకు ఇదే గుర్తొస్తుంది.

ఇంకొకటి. ఇంటర్నెట్‌తో గడియారం సరిచేసుకున్నప్పుడు సమయం ఒకటి రెండు సెకన్లు ముందుకో వెనక్కో జరగొచ్చు. గంటల పొరలో అది తెలియదు, వణుకులో తెలుస్తుంది. కాబట్టి సెకన్ల పొరకు మాత్రం ప్రోగ్రామ్ మొదలైనప్పటి నుంచి నడిచే సమయం వాడండి. అది ఎక్కడ మొదలైనా ఎవరికీ పట్టదు.

## 4. పొరలు మళ్లీ మళ్లీ ఒకేలా కలవకుండా చూడండి

నిమిషాల పొరలో రెండు మూడు కదలికలు ఉంటే వాటికి 30, 60, 90 లాంటి నిడివులు ఇవ్వకండి. మూడు గంటలకోసారి అన్నీ ఒకేచోటికి వస్తాయి. అక్కడ రోజంతా కూర్చునే ఉద్యోగికి మొదట తెలిసేది అదే.

ప్రధాన సంఖ్యలు తీసుకోండి. 37, 53, 71 నిమిషాల చక్రాలు మూడూ కలిసి మళ్లీ మొదటి స్థితికి రావడానికి 1,39,231 నిమిషాలు, అంటే 96 రోజుల పైమాటే పడుతుంది. కోడ్‌లో మారేది మూడు అంకెలు.

ఆకుల గుబురుకు పెర్లిన్ నాయిస్ (దూకకుండా నున్నగా మారే యాదృచ్ఛిక అంకెలు) వాడితే మూడు సంగతులు చూసుకోవాలి. ఒకటి, దాని విలువలు ఎక్కువగా 0.5 చుట్టూనే తిరుగుతాయి, 0 దాకా, 1 దాకా అరుదుగా వెళ్తాయి. 0.3 నుంచి 0.7 వరకు ఉన్న ముక్కను తీసి 0 నుంచి 1కి సాగదీయండి. రెండు, ఆ యాదృచ్ఛిక అంకెలు ఎక్కణ్నుంచి పుట్టాలో చెప్పే సీడ్ అంకెను మీరే పెట్టండి. లేదంటే ప్రోగ్రామ్ లేచిన ప్రతిసారీ వేరే చెట్టు మొలుస్తుంది. మూడు, అతుకు లేకుండా చక్రం తిరగాలంటే నాయిస్‌లో సరళరేఖ మీద నడవొద్దు, వృత్తం మీద నడవండి: దశ నుంచి కొసైన్, సైన్ తీసి రెండింటినీ నాయిస్‌కి ఇవ్వండి. వృత్తం బయల్దేరిన చోటికే వస్తుంది కాబట్టి బొమ్మ కూడా వస్తుంది.

## 5. రంగు మెట్లు పడకుండా

మామూలు తెరకు ఒక్కో రంగులో 256 స్థాయిలే ఉంటాయి. మీ గోడ ముదురు నీలం 20 నుంచి 60కి గంటలో మారాలంటే మధ్యలో ఉన్నవి 40 మెట్లు. అంటే ప్రతి 90 సెకన్లకు గోడ మొత్తం ఒకేసారి ఒక మెట్టు ఎక్కుతుంది. వేగంగా మారే వీడియోలో ఇది ఎవరికీ కనబడదు. ఇక్కడ, చీకటి గదిలో, ముదురు రంగుల్లో కన్ను ఇట్టే పట్టేస్తుంది. పక్కపక్కన ఛాయలుంటే వాటి మధ్య చారలు కూడా పడతాయి.

దీనికి మందు డిథరింగ్. రంగును 256 స్థాయిలకు కుదించే ముందు, ప్రతి పిక్సెల్‌కీ అర మెట్టు లోపు ఎంతో కొంత అటో ఇటో యాదృచ్ఛికంగా కలపండి. విలువ 20.3 అయితే వంద పిక్సెళ్లలో సుమారు 70 మెట్టు 20లోనూ 30 మెట్టు 21లోనూ పడతాయి. దూరం నుంచి కన్ను 20.3నే చూస్తుంది. గోడంతా దూకడం పోయి, చుక్కలు ఒక్కొక్కటిగా మారతాయి.

వరస ముఖ్యం. లెక్కంతా ఫ్లోట్లలో, బఫర్లు (బొమ్మను మధ్యలో దాచుకునే చోట్లు) 16 లేదా 32 బిట్ల ఫ్లోట్ రకం, డిథరింగ్ అన్నిటికంటే చివర. మధ్యలో ఎక్కడైనా 8 బిట్ల బఫర్ వచ్చిందా, పోయిన వివరం డిథరింగ్‌తో తిరిగి రాదు.

ఇదే కారణంతో, పాత ఫ్రేము మీద పలచటి నలుపు పూస్తూ కదిలే వాటి వెనక తోకలు మాయం చేసే పాత చిట్కా ఇక్కడ పనిచేయదు. ప్రతిసారీ 2 శాతం తగ్గించమంటే, విలువ 20 దగ్గర తగ్గాల్సింది 0.4. దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే అది మళ్లీ 20. తోకలు బూడిద రంగు దయ్యాల్లా గోడకు అంటుకుపోతాయి. పైగా ఆ పద్ధతి ముందటి ఫ్రేము మీద ఆధారపడుతుంది, 3వ భాగం నియమమే పోయింది.

రెండు రంగుల మధ్య నేరుగా ఆర్‌జీబీలో కలిపితే మధ్యలో తరచూ మురికి బూడిద రంగు వస్తుంది. వేగంగా దాటే పనిలో పర్వాలేదు. ఇక్కడ ఆ మురికిలో ప్రేక్షకుడు గంటసేపు ఉంటాడు. ఓకేల్యాబ్ అనే రంగుల పద్ధతిలో కలపండి, లేదా మధ్యలో మీకు నచ్చిన మూడో రంగును మజిలీగా పెట్టండి. నేనైతే రెండోదే చేస్తాను. కంటికి నచ్చిన రంగును లెక్కకు వదిలేయడం నాకు ఇష్టం ఉండదు.

## 6. నిజమైన వీడియో వాడాలనుకుంటే

నీడను కోడ్‌తో గీయకుండా షూట్ చేసి సాగదీయొచ్చు. కెమెరాను కదలకుండా బిగించి, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ మాన్యువల్‌లో పెట్టండి. ఒక్కటి ఆటోలో ఉన్నా, మబ్బు పట్టినప్పుడల్లా కెమెరా చేసే సర్దుబాటు సాగదీసినప్పుడు అలలా కొట్టుకుంటుంది.

లెక్క చూడండి. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున 10 నిమిషాల వీడియోలో 15,000 ఫ్రేములు. 6 గంటలకు సాగదీస్తే ఒక్కో ఫ్రేము 1.44 సెకన్లు నిలబడుతుంది. కాబట్టి ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి కరిగించాలి. దశను 15,000తో హెచ్చించండి. పూర్ణాంక భాగం ఏ ఫ్రేమో చెబుతుంది, దశాంశ భాగం తర్వాతి ఫ్రేమును ఎంత కలపాలో చెబుతుంది.

వేగంగా కదిలే వస్తువు ఫ్రేములో ఉంటే కరిగించినప్పుడు రెండు బొమ్మలుగా కనిపిస్తుంది. పక్షి ఎగిరిన చోటు కత్తిరించండి.

ఫైలు రకం కూడా ముఖ్యమే. హెచ్.264 ఫైలులో చాలా ఫ్రేములు పక్క ఫ్రేముల మీద ఆధారపడి ఉంటాయి, కావలసిన ఫ్రేముకు సూటిగా వెళ్లమంటే తడబడుతుంది. హ్యాప్, మోషన్ జేపెగ్ లాంటి, ప్రతి ఫ్రేమూ దేనికదే ఉండే రకంలోకి మార్చండి. విడివిడి ఫోటోలుగా పెట్టుకున్నా సరే.

## 7. ఆరు గంటలను ఆరు నిమిషాల్లో పరీక్షించండి

గడిచిన సెకన్లను ఒక "వేగం" అంకెతో హెచ్చించండి. ప్రదర్శనలో అది 1, పరీక్షలో 60. ఒక స్లైడర్ పెట్టి దశను చేత్తో అటూ ఇటూ లాగే వీలు కూడా ఉంచండి. బొమ్మ అంతా గడియారం నుంచే పుడుతోంది కాబట్టి ఇది ఉచితంగా వచ్చినట్టే.

తర్వాత 10 నిమిషాలకొకటి చొప్పున 36 ఫ్రేములు సేవ్ చేసి, ఒకే పేజీలో 6 వరుసలుగా పేర్చండి. పక్కపక్కన ఉన్న రెండు బొమ్మలు దాదాపు ఒకేలా, పై వరుస కింది వరుస పూర్తిగా వేరుగా ఉండాలి. మొదటిసారి పేర్చినప్పుడు నా బొమ్మలో మార్పంతా మొదటి రెండు వరుసల్లోనే అయిపోయి, మిగతా నాలుగూ అచ్చం ఒకేలా ఉన్నాయి. స్లైడర్ లాగుతూ ఉంటే అది ఎంతకీ తెలియలేదు.

ఇవన్నీ అయ్యాక అసలు వేగంలో ఒక పూర్తి చక్రం నడపండి. వేరే పని చేసుకుంటూ మధ్యమధ్యలో తలెత్తి చూడండి. కళ్లప్పగించి కూర్చుంటే అన్నీ కనిపించినట్టే ఉంటాయి.

అదే సమయంలో మెమరీ చూడండి. వాడి వదలని మెమరీ ఫ్రేముకు 2 కిలోబైట్లు లీకైనా సెకనుకు 60 ఫ్రేముల చొప్పున రోజుకు 10 జీబీ పైనే. సాధారణ దోషులు: ప్రతి ఫ్రేముకీ నడిచే డ్రా ఫంక్షన్ లోపల కొత్త బఫర్ లేదా కొత్త ఇమేజ్ సృష్టించడం, ఎప్పటికీ ఖాళీ చేయని లిస్టు.

## 8. గదిలో బిగించేటప్పుడు

ప్రొజెక్టర్‌ను వీలైనంత వరకు సూటిగా పెట్టండి. వంకరగా పడే బొమ్మను సరిచేసే డిజిటల్ కీస్టోన్ సెట్టింగ్ బొమ్మను సాగదీసి పిక్సెళ్లను మసక చేస్తుంది, డిథరింగ్ చుక్కలు అక్కడక్కడా గళ్లుగా తేలతాయి. లెన్స్‌నే జరిపి బొమ్మను పక్కకు తెచ్చే లెన్స్ షిఫ్ట్ ఉంటే అది వాడండి.

టీవీ అయినా ప్రొజెక్టర్ అయినా మెనూలోకి వెళ్లి "మెరుగుపరిచే" సౌకర్యాలన్నీ ఆపేయండి. ముఖ్యంగా డైనమిక్ కాంట్రాస్ట్, ఆటో బ్రైట్‌నెస్, నాయిస్ రిడక్షన్. మొదటి రెండూ మీరు గంట పట్టి తెచ్చిన చీకటిని మూడు సెకన్లలో వెలుగు చేస్తాయి. మూడోది డిథరింగ్‌ను మచ్చలనుకుని తుడిచేస్తుంది.

తెరవడానికి ముందు రోజు:

□ స్క్రీన్‌సేవర్, స్లీప్, నోటిఫికేషన్లు, ఆటో అప్‌డేట్లు ఆపారు
□ మౌస్ బాణం కనబడటం లేదు
□ టీవీలో కొన్ని గంటల తర్వాత దానంతటదే ఆగే సెట్టింగ్ తీసేశారు
□ కరెంటు రాగానే కంప్యూటర్ లేచేలా బయోస్‌లో పెట్టారు
□ కంప్యూటర్ లేవగానే ప్రోగ్రామ్ ఫుల్‌స్క్రీన్‌లో మొదలవుతోంది
□ ప్రోగ్రామ్ కూలిపోతే మళ్లీ లేపే చిన్న స్క్రిప్ట్ ఉంది
□ చిన్న బోర్డు అయితే ఎస్‌డీ కార్డును రీడ్ ఓన్లీ చేశారు
□ నిజంగానే ప్లగ్ పీకి, మళ్లీ పెట్టి చూశారు

చివరిది "చేసినట్టే" అని వదిలేయకండి. మూడుసార్లు పీకండి.

## 9. వచ్చే తిప్పలు, తక్షణ వైద్యం

- మొదట బాగుండి రోజుల తర్వాత కుదుపు: షేడర్‌కి సమయం వెళ్తోంది, దశ పంపండి.
- గోడంతా ఒకేసారి మినుకుమంటోంది: డిథరింగ్ లేదు, లేదా టీవీ ఆటో బ్రైట్‌నెస్ మిగిలిపోయింది. స్క్రీన్‌షాట్లు తీసి పోల్చండి. ఫైల్లో దూకుడు లేకపోతే తప్పు తెరది.
- చక్రం చివర చిన్న ఎగుడు: ఏదో ఒక పొర ఇంకా సరళరేఖ మీద నడుస్తోంది. పొరలను ఒక్కొక్కటిగా ఆపి చూస్తే దొరుకుతుంది.
- బ్రౌజర్‌లో బొమ్మ ఆగిపోయింది: ఏదో విండో పైకొచ్చి మీ ట్యాబ్ వెనక్కి పోయింది. తెరంతా మీ పేజీయే ఉండే కియోస్క్ మోడ్‌లో నడపండి.
- ఎవరూ నిలబడటం లేదు: సెకన్ల పొరను కొంచెం పెంచండి. అదీ కుదరకపోతే కుర్చీ వేయించండి. చాలాసార్లు కుర్చీయే పనిచేస్తుంది.

## 10. ఒక కాగితం రాసి వదిలి రండి

రోజూ పొద్దున ఆన్ చేసేది మీరు కాదు. అక్కడి ఉద్యోగి కోసం ఒక్క పేజీ రాయండి: ఏ స్విచ్ ముందు, ఏది తర్వాత, లేవడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది, మామూలుగా బొమ్మ ఎలా ఉంటుంది. 7వ భాగంలో పేర్చిన 36 బొమ్మల పేజీని ప్రింటు తీసి, పక్కన టైములు వేసి, ఆ కాగితానికి పిన్ను కొట్టండి. ఫోన్ చేసి "ఇది పనిచేస్తోందా, ఆగిపోయిందా" అని అడిగితే, ఆ పేజీలో ఇప్పటి టైము దగ్గర ఏ బొమ్మ ఉందో చూడమని చెప్పొచ్చు.